ఉప్పు నడుమ ఊట

బోగోలు ప్రాంతం నుంచి పులికాట్ దీవులను దర్శించబోయేవారు కొండబిట్రగుంట గుట్టమీద కొలువైన ప్రసన్న వేంకటేశ్వరునికి దండం పెట్టుకొని, జాతీయ రహదారి పట్టి, నెల్లూరు, నాయుడుపేటలు దాటి కొద్ది గంటల్లో సూళ్ళూరుపేట చేరుతున్నారు. పూర్వులు వెళ్ళిన తోవ ఇది కాదు. జువ్వలదిన్నె వంటి తీరగ్రామాలకూ లోపలి పల్లెలకూ నడుమ, నేడు చాలాచోట్ల పూడిపోయి, తుంగ మొలిచి, తానొక జలమార్గమన్న సంగతిని తానే మరచినట్టు పడి ఉన్న బకింగ్‌హాం కాలువే ఆనాటి రాజవీథి. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు ఒక వర్తకుని పూనికతో మొదలైన చిన్న కాలువ క్రమంగా ఉత్తరానికి పెరుగుతూ వచ్చి, 1876-78 నాటి ధాత కరువులో పిడికెడు గింజలకోసం పలుగూ పారా పట్టిన వేలాది కూలీల చెమటతో విస్తరించి, నాటి గవర్నరు పేరును ధరించి, పెదగంజాం మొదలుకొని నెల్లూరు తీరమంతా ఒరుసుకొంటూ, ఈ సరస్సు నడుమగా చెన్నపట్నం దాకా సాగింది. ఉప్పు, సర్వికట్టెలు, ధాన్యం మోసే పడవలు దానిమీద తిరిగినంతకాలం దీవులకు దారి అదే. ఆ దారిని తవ్వించింది విహారకాంక్ష కాదు, ఆకలి. భగవంతుని ఆశ్రయించే నలుగురిలో ఆర్తుణ్ణి గీతాచార్యుడు మొదట పేర్కొనడంలోని ఔచిత్యం ఇక్కడ స్ఫురిస్తుంది. జిజ్ఞాసువూ, అర్థార్థీ, జ్ఞానీ కూడా ఏదో ఒక పూర్వజన్మలోని ఆర్తి తవ్విన కాలువలోనే తమ పడవలను నడుపుకొంటున్నారు.

ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో అంతటి ఉప్పునీటి సరస్సు పులికాట్. పాత తెలుగువారి నోట దాని పేరు ప్రళయకావేరి, స.వెం.రమేశ్ ఆ పేరుతోనే అక్కడి జీవితాన్ని కథలుగా చెప్పారు. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల నిడివి గల ఈ జలరాశి పాటువేళ 250, పోటువేళ 450 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొంటూ, ఆరణి, కాళంగి నదులు తెచ్చే తీపినీటిని ఒక చేతా, బంగాళాఖాతం పంపే ఉప్పునీటిని మరొక చేతా అందుకొంటూ, రెండింటిలో దేనికీ పూర్తిగా లొంగక నిలిచింది. సముద్రానికీ సరస్సుకూ నడుమ అడ్డుగోడగా పొడుగున పరుండినది శ్రీహరికోట. సరస్సులో వేనాడు, ఇరకం, ఇంకా చిన్నచిన్న తిప్పలు. కొన్నింటికి బాటలు పడ్డాయి. ఇరకం చేరాలంటే మాత్రం తడ దగ్గరి భీములవారిపాళెం రేవులో పడవ ఎక్కవలసిందే. 2022లో జిల్లాల సరిహద్దులు మారి ఈ నేలంతా తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా, మాటలోనూ మనసులోనూ ఇది ఇంకా నెల్లూరు సీమే.

రేవులో నిలిచి చూచినవాడికి దీవి ఒక ఏకాకి. నాలుగువైపులా నీరు, నడుమ గుప్పెడు నేల, దానిపై కొన్ని తాళ్ళు, కొన్ని కప్పులు. ఇంతటి నీటిని దాటి ఆవలి జీవితం ఎలా సాగుతున్నదో అన్న జాలి. ఆ జాలి పడవ ఎక్కిన కాసేపటికే తొలగిపోతుంది. పడవవాడు తెడ్డు పక్కన పెట్టి గడ అందుకొంటాడు. గడ నీటిలో మొలలోతు దిగీ దిగకముందే నేలను తాకుతుంది. పైకి తీసినప్పుడు దాని కొనకు బూడిదరంగు అడుసు అంటుకొని వస్తుంది. కొంచెం సాగి మళ్ళీ దించితే మళ్ళీ నేలే. పులికాట్ సరాసరి లోతు ఒక మీటరు మాత్రమే. వేసవిలో ఉత్తరభాగాన నీరు లాగివేసినప్పుడు, వానకారులో కెరటాలు లేచిన చోట తెల్లని ఉప్పుపెళ్ళ కట్టి, మనుషులూ పశువులూ నడిచిపోతారు. అప్పుడు దీవి అనిపించుకొన్నది దీవి కాదు, ఒడ్డు అనిపించుకొన్నది ఒడ్డూ కాదు. ఉన్నది ఒకే నేల, అది ఎన్నడూ తెగలేదు. మధ్యలో పరచుకొన్న నీరు దానిని రెండుగా చూపిందే తప్ప రెండుగా చేయలేకపోయింది.

జీవేశ్వరుల మధ్య అవిద్య చేసే పని ఇంతకన్న వేరు కాదు. దానిని అగాధమని భయపెట్టేవారు అనేకులు. జన్మజన్మల లోతు దానికి ఆపాదించి, ఈదడం తమవల్ల కాదని ఒడ్డునే కూలబడేవారు అంతకన్న ఎక్కువ. అవిద్యకు ఉన్నది విస్తారమే గాని లోతు కాదు. క్షితిజం దాకా పరచుకొన్నది కనుక గంభీరమనిపిస్తుంది. ఎక్కడ గడ దించినా అక్కడే అధిష్ఠానం తగులుతుంది. గురువు చేసేది ఈ గడ దించి చూపడమే. ఆయన నీటిని ఎండగట్టడు, వంతెన కట్టడు; శిష్యుడు కూర్చున్న పడవ కిందనే, ఆ క్షణంలోనే, నేల ఉన్నదని తాకించి చూపుతాడు. తాకిన పిమ్మట కూడా నీరు నీరుగానే ఉంటుంది, పడవ పడవగానే సాగుతుంది. తెగిపోయామన్న దైన్యం మాత్రం మిగలదు. సాధన అంటే దూరాన్ని దాటడమని భావించి అలసిపోయినవారు ఈ సరస్సుమీద ఒక్కసారి ప్రయాణించడం మంచిది.

పురాణాల ద్వీపవర్ణనను భూగోళపాఠంగా చదివి నవ్వుకొనేవారికి గాని, అక్షరాలా సమర్థించబోయి చిక్కుల్లో పడేవారికి గాని దాని మర్మం అందదు. భాగవత పంచమస్కంధం జంబూద్వీపం మొదలు పుష్కరద్వీపం దాకా ఏడు ద్వీపాలను వర్ణించి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క సముద్రం చుట్టి ఉన్నదని చెబుతుంది. ఉప్పు, చెరకురసం, సుర, నెయ్యి, పాలు, పెరుగు, చివరకు శుద్ధజలం. పురాణభేదాన్ని బట్టి నడిమి వరుస కొద్దిగా మారినా, మొదటిది ఉప్పే, చివరిది మంచినీరే. మనుష్యుడు నివసించే జంబూద్వీపాన్ని చుట్టింది లవణసముద్రం కావడం యాదృచ్ఛికం కాదు. తాగేకొద్దీ దాహం పెంచే నీరు ఉప్పునీరు. విషయభోగం మనస్సుకు చేసేదీ అదే. లవణం దాటినవాడికి ఎదురయ్యేవి మరింత సూక్ష్మమైన ప్రలోభాలు: మాధుర్యం, మత్తు, పుష్టి. అన్నింటి వెనుక, ఏ రుచీ లేని, కనుకనే దాహం తీర్చే, నిర్మలజలం. దేవీభాగవతం ద్వాదశస్కంధంలో మణిద్వీపాన్ని సుధాసముద్రమధ్యస్థమని వర్ణించి ఈ క్రమానికి శిఖరం పెట్టింది. శుక్రవారాల్లో మణిద్వీప వర్ణన పారాయణ చేసే ఇల్లాలు తెలిసో తెలియకో లవణం నుంచి సుధ దాకా సాగే యాత్రనే నోటితో చేస్తున్నది.

ఆ శుద్ధజలం ఏడవ సముద్రంగా ఎక్కడో లోకాల చివర ఉన్నదని పురాణం చెప్పగా, ఈ తీరవాసి దానిని తన పాదాల కిందనే చూస్తున్నాడు. నెల్లూరు తీరమంతా ఎరిగిన మాట దొరువు. ఇసుకనేలలో వాలుగా తవ్విన గుంట అది; రాయదొరువు వంటి ఊరిపేర్లలో సైతం అది నిలిచిపోయింది. ఇటు చూస్తే ఉప్పుసరస్సు, అటు చూస్తే ఉప్పుసముద్రం, నడుమ ఇసుకతిన్నెలో కొన్ని మూరల లోతున ఊరిన నీరు నోట పోసుకొంటే తియ్యన. నీళ్ళకు వచ్చిన ఇల్లాలు బిందెను గుంటలో ముంచదు. వాలులో మెల్లగా దిగి, చెంబుతో పైపైన తోడి, బిందె సగం నిండాక ఆగుతుంది. అంచుల్లోంచి ఇసుకరేణువుల సందున మళ్ళీ నీరు చెమ్మగిల్లి, బొట్టుబొట్టుగా చేరి, పై నీరు తేరిన తర్వాత తక్కినది నింపుకొంటుంది. ఆ ఆగడంలో తొందరా లేదు, విసుగూ లేదు.

ఈ తీపి ఎక్కడిది? సముద్రం వడకట్టబడి తీపి కాలేదు. ఇసుకకు ఆ శక్తి లేదు. అది పైనుంచి వచ్చినది. కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటికన్న తేలిక కనుక దానిమీద తేలి, దానితో కలిసిపోకుండా ఒక పొరగా నిలుస్తుంది. జలశాస్త్రజ్ఞులు లెక్కగట్టిన దానిని బట్టి, సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉంటే, దిగువన దాదాపు 40 అడుగుల మేర మంచినీరు ఉప్పును అణచి ఉంచుతుంది. దీనిలోని రహస్యం లోతైనది. అనుగ్రహం సంసారం నుంచి పిండుకొనేది కాదు, దానిపై కురిసేది. కురిసి ఇంకిన పిమ్మట సంసారాన్ని నశింపజేయదు, దానిపైన తేలి నిలుస్తుంది. బయటికి కనిపించే అడుగు ఎత్తు నిష్ఠ వెనుక, కంటికి కానరాని 40 అడుగుల సంస్కారం వాసనాజలాన్ని కిందికి నొక్కి పట్టుకొని ఉంటుంది. ఇదే లెక్క తలకిందులుగానూ పనిచేస్తుంది. ఆశపడి యంత్రాలు పెట్టి పైనున్న ఒక్క అడుగు తోడివేస్తే, దిగువ ఉప్పు అన్ని రెట్లు పైకి పొంగుతుంది. ఒకసారి ఉప్పు ఎక్కిన దొరువు మళ్ళీ తీపెక్కడానికి ఎన్నో వానకారులు పడతాయి. తీరం పొడుగునా లోతైన బోర్లు దించినచోట్ల జరిగింది ఇదే. తపఃఫలాన్ని కీర్తికోసమో, సిద్ధులకోసమో తోడి ఖర్చుపెట్టుకొన్న మహనీయుల కథలు పురాణాల్లో తక్కువ లేవు. విశ్వామిత్రుని కోపాలు, తాపాలు ఒక్కొక్కటీ అతని దొరువులోకి ఎన్ని అడుగుల ఉప్పును ఎక్కించాయో చదువరికి తెలియనిది కాదు. సాధకుడు చెంబుతోనే తోడుకోవాలి. లోతుగా తవ్వితే ఎక్కువ దొరుకుతుందన్న లోకన్యాయం ఇక్కడ చెల్లదు. తగినంత తవ్వి ఆగడమే ఇక్కడి విద్య.

సరస్సు ఊపిరి దాని ముఖద్వారాల్లో ఉన్నది. దక్షిణాన పళవేర్కాడు వద్ద, ఉత్తరాన రాయదొరువు, తూపిలిపాళెం వద్ద సముద్రం లోనికి వచ్చిపోయే మొగలు ఉన్నాయి. కెరటాలు తెచ్చిపోసే ఇసుకతో అవి పూడుకొంటూ ఉండడం, ఉత్తరపు మొగలు మూసుకుపోయి సరస్సు ఎండిపోతూ ఉండడం మత్స్యకారుల చిరకాల దుఃఖం. మొగ మూసుకొన్న వేసవిలో లోపలి నీరు సముద్రంకన్న ఉప్పనవుతుంది. ఉప్పు సముద్రమే తప్పుకొన్నా ఉప్పు తగ్గకపోగా పెరగడం చూడదగిన విషయం. ఇంద్రియద్వారాలను బలవంతాన బిగించి, లోపల విషయచింతన చేస్తూ కూర్చున్నవాణ్ణి గీత మిథ్యాచారుడన్నది; తలుపు మూసిన చోట వాసనలు ఆవిరై పోవు, చిక్కబడతాయి. రొయ్య జీవితం ఈ ద్వారరహస్యాన్ని ఇంకా చక్కగా చెబుతుంది. తల్లిరొయ్య నడిసముద్రంలో గుడ్లు పెడుతుంది. కంటికి ఆనని పిల్లలు పోటుతో కొట్టుకొని మొగలోంచి సరస్సులోకి వస్తాయి. ఇక్కడి నిలకడనీటిలో మేసి పెరిగి, ఈడు వచ్చాక పాటునీటితో మళ్ళీ సముద్రానికి పోతాయి. సరస్సు వాటికి పుట్టినిల్లూ కాదు, నిలిచే ఇల్లూ కాదు. పెరగడానికి వచ్చిన చోటు. మనుష్యలోకాన్ని కర్మభూమి అన్న పెద్దల ఉద్దేశమూ ఇదే. అయితే మొగ తెరచి లేకపోతే రావడమూ లేదు, పోవడమూ లేదు.

శీతకాలంలో ఈ దీవుల చుట్టూ దిగే రాజహంసలను, పత్రికలు ఫ్లెమింగోలని రాసే ఆ పొడుగుకాళ్ళ పక్షులను, చూడడానికి జనం బారులు తీరుతారు. వాటి పేరిట సూళ్ళూరుపేటలో పండుగే జరుగుతుంది. గులాబిరంగు రెక్కలు ఒక్కసారిగా లేచినప్పటి శోభను ఫొటోల్లో బంధించి తృప్తిపడి వెళ్ళేవారు, ఆ పక్షి మేతమేసే తీరును గమనించకుండానే వెళుతున్నారు. అది మెడ వంచి తలను పూర్తిగా తలకిందులు చేసి, పైముక్కు కిందికీ కిందిముక్కు పైకీ వచ్చేట్టు నీటిలో ఉంచుతుంది. నాలుకను ముందుకూ వెనక్కూ వేగంగా ఆడిస్తూ బురదా, ఉప్పూ, నీరూ, జీవకణాలూ కలగలిసినదంతా లోనికి లాగి, ముక్కు అంచులోని సన్నని పొరల వరుసలగుండా అక్కరలేనిది బయటికి వదిలి, తనకు కావలసిన నాచునూ అతిసూక్ష్మమైన రొయ్యజాతినీ మాత్రమే నిలుపుకొంటుంది. హంస పాలనూ నీటినీ వేరుచేస్తుందన్న కవిసమయం కల్పనేనని తేల్చినవారికి, బురదనూ ఆహారాన్నీ వేరుచేసే పక్షి ప్రత్యక్షంగా కనిపిస్తున్నది. వివేకం చేయవలసిన మొదటి పని ఏమిటో కూడా అది చూపుతున్నది: తల తిప్పాలి. లోకం నిలువుగా చూచినదాన్ని తలకిందులుగా చూడనిదే వడపోత మొదలు కాదు. ఊర్ధ్వమూలమైన అశ్వత్థవృక్షాన్ని గీత చెప్పినప్పుడు శ్రోతను ఈ భంగిమలోకే పిలిచింది. ఇంకొక విశేషం, ఆ గులాబివన్నె దాని జన్మసిద్ధం కాదు. పిల్లలు బూడిదరంగున పుడతాయి. తిన్న ఆహారంలోని వర్ణద్రవ్యమే ఏళ్ళ తరబడి చేరి రెక్కలకు రంగవుతుంది. ఆహారశుద్ధివల్ల సత్త్వశుద్ధి అని ఉపనిషత్తు చెప్పినదానికి ఇంతకన్న రమణీయమైన సాక్ష్యం వెదకనక్కర లేదు.

ఇక దీవుల చరిత్ర. దీనిని రాజుల పట్టికగా చదివితే త్వరగానే ముగుస్తుంది. విజయనగర కాలంలో పళవేర్కాడు పేరుమోసిన రేవు; పోర్చుగీసులు వచ్చారు; వారిని తొలగించి డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టి, 1690 దాకా కోరమాండల్ తీరానికంతటికీ అక్కడినుంచే ఆధిపత్యం నెరిపి, తెలుగు నేతగాళ్ళ రంగుబట్టలను తూర్పుదీవులకు ఎగుమతి చేశారు; బట్టలతోపాటు మనుషులను కూడా బానిసలుగా ఓడలెక్కించారన్నది ఆ కోట చరిత్రలో మరువరాని మచ్చ. ఉత్తరాన దుగరాజపట్నంలో, ఆర్మగాన్ అన్న పేరుతో, ఆంగ్లేయులు 1626 ప్రాంతాన కోట కట్టి, అక్కడ వ్యాపారం సాగక 1639లో మద్రాసును వెదుక్కొని వెళ్ళిపోయారు. మహానగరానికి బీజమైన చోటు నేడు ఒక మారుమూల పల్లె. గెల్డ్రియా కోట నేలమట్టమైంది. డచ్చివారి శ్మశానం మాత్రం మిగిలింది. సమాధిరాళ్ళమీద చెక్కిన అస్థిపంజరాలు ఎంతో పనితనంతో ఉన్నాయి. కట్టినవాటిలో మరణాన్ని గుర్తుచేసేది ఒక్కటే మరణించకుండా నిలవడంలో కాలపురుషుని హాస్యం ఏదో ఉన్నది.

కోటలు కట్టనివారు మాత్రం పోలేదు. శ్రీహరికోట అడవిలో దుంపలు, తేనె, కట్టెలు, మందుమొక్కలు సేకరించి బతికిన యానాదులకు ఆ దీవిపై పట్టా లేదు. 1835లో దీవి ప్రభుత్వాధీనమైనప్పుడు వారు అక్కడే ఉన్నారు. 1969లో అంతరిక్షకేంద్రానికి ఆ దీవిని ఎంచుకొన్న పిమ్మట అనేక కుటుంబాలు తరలవలసి వచ్చింది. ఆ తరలింపులోని నొప్పిని వైరాగ్యబోధతో కప్పిపుచ్చడం తగదు. తాను విడిచినదే త్యాగం, ఎవరో విడిపించినది కాదు. ఇక సరస్సుమీద బతికే మత్స్యకారులకు 'పాడు' అనే కట్టుబాటు ఉన్నది. మొగ దగ్గర రొయ్య చిక్కే మంచి తావులు ఎవరి సొత్తూ కావు; చీటీలు వేసి, వంతుల ప్రకారం, ఈరోజు ఈ వలకు, రేపు ఆ వలకు అని తావులు పంచుకొంటారు. వంతు వచ్చిననాడు ఆ తావు తనదే. దాటినమర్నాడు అక్కడ వల వేయడు. త్యజించి అనుభవించమన్న ఈశావాస్యోపదేశం పండితులకు వ్యాఖ్యానాల్లో చిక్కుపడిపోగా, వీరి ఆచారంలో అది తేటగా ఉన్నది. ఏ దేహమూ, ఏ సంపదా, ఏ బంధుత్వమూ వంతుకు వచ్చిన తావే తప్ప పట్టాభూమి కాదు. రాతికోటతో తావును శాశ్వతం చేసుకోజూచినవారు రెండువందల ఏళ్ళకు ఒకరి తర్వాత ఒకరు పోగా, వంతుకు తలవంచినవారు ఇంకా వల వేస్తున్నారు. వేనాడులో దర్గా గంధోత్సవానికి హిందువులూ ముసల్మానులూ ఒకే పడవలో, ఒకే బాటన వెళ్ళిరావడం కూడా ఈ సీమ స్వభావంలో భాగమే. అక్కడ మొక్కుకొన్నవాడు ఏ మతస్థుడని ఎవరూ అడగరు.

1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్టుతో మొదలై, చంద్రయానాల దాకా ఎదిగిన శ్రీహరికోట ప్రయోగాలను గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనక్కర లేదు. ఒక్కొక్క దశను విడిచివేస్తేనే పైకి పోగలగడం, అన్నమయాది కోశాలను దాటే సాధకునితో పోల్చడానికి మరీ అనువుగా ఉన్నది; అనువుగా దొరికిన సామ్యాన్ని అంతగా నమ్మకపోవడం మంచిది. చెప్పదగినది మరొకటి. తూర్పుతీరాన్ని ఎంచుకోవడానికి గల కారణాల్లో ఒకటి, భూమి తన చుట్టూ తాను తూర్పుముఖంగా తిరుగుతూ ఆ అక్షాంశం వద్ద సెకనుకు సుమారు 450 మీటర్ల వేగాన్ని ఏ ఇంధనమూ కాల్చకముందే రాకెట్టుకు ఉచితంగా ఇవ్వడం. తాను నిశ్చలంగా ఉన్నాననుకొన్నవాడు కూడా అంత వేగంతో మోయబడుతూనే ఉన్నాడు. పురుషప్రయత్నం గొప్పదే, కాని దైవం అప్పటికే మోసుకుపోతున్న దిశలో చేసినప్పుడే అది కక్ష్యకు చేరుతుంది. ప్రయోగానికి ముందు శాస్త్రజ్ఞులు సూళ్ళూరుపేటలో కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మను దర్శించుకోవడం లోకవిదితం. ఆ తల్లి గర్భగుడికి తలుపులు మూసే ఆచారం లేదంటారు.

ద్వీపాలను తలచుకొన్నప్పుడు ద్వైపాయనుణ్ణి తలచకపోవడం తెలుగునాట తగదు. అందునా తిక్కన సోమయాజి నెల్లూరు ఇది, భారతంలోని 15 పర్వాలు ఈ నేలమీదనే తెలుగైనాయి. యమునానదిలో పడవ నడిపే బెస్తపిల్ల సత్యవతి. వంటికి చేపవాసన గనుక మత్స్యగంధి. ఆవలి ఒడ్డుకు పోవలసిన పరాశరుడు ఆమె పడవ ఎక్కాడు. నడినీట మంచు కమ్మింది. నదిలోని దీవిపై వ్యాసుడు పుట్టాడు. పుట్టినవాడు పుట్టిన క్షణానే పెరిగి తపస్సుకు బయలుదేరాడు. వేదాలను విభజించి లోకానికి పంచవలసిన మహర్షికి రాజగృహమో, ఆశ్రమమో జన్మస్థానం కాకుండా, ఏ ఒడ్డుకూ చెందని ఇసుకతిప్ప కావడం భారతకథకు అసలైన ఉపోద్ఘాతం. ఈవలి ఒడ్డు లౌకికం, ఆవలి ఒడ్డు పారమార్థికం అనుకొంటే, రెంటినీ ఎరిగినదీ, రెంటిలో దేనిలోనూ నిలవనిదీ పడవ నడిపే బుద్ధి. అది శ్రమించేది, దానికి వృత్తి వాసన అంటుకొని ఉంటుంది. దానిని శుద్ధి చేసుకొని రమ్మని జ్ఞానం షరతు పెట్టలేదు. చేపవాసన ఉండగానే ఋషి పడవ ఎక్కాడు. ఆ వాసన యోజనం దూరం వ్యాపించే సుగంధమైనది ఆ సమాగమం చేత. మంచు కమ్మడం కూడా అర్థవంతమే. జ్ఞానం ఉదయించే క్షణానికి సాక్షులు ఉండరాదు. రెండు ఒడ్డులూ కనిపించకుండా పోయినప్పుడే అది సంభవిస్తుంది.

ఈ కథలో అందరూ చదివి దాటవేసే భాగం ఒకటున్నది. మంచు విడింది, ఋషి తన దారిన పోయాడు, కొడుకు తన దారిన పోయాడు. సత్యవతి మళ్ళీ తెడ్డు పట్టి పడవను రేవుకు తెచ్చుకొన్నది. వేదవ్యాసునికి తల్లి అయిన తర్వాత కూడా ఆమె, శంతనుడు వచ్చి చూచేదాకా, తండ్రి చెప్పిన పడవపనిలోనే ఉన్నది. ఆ రేవులో ఆమె పడవెక్కి దిగినవారిలో ఎవరికీ అంతకుముందు ఏమి జరిగిందో తెలియదు. ఆమె చెప్పనూ లేదు. వెళ్ళేముందు కొడుకు ఇచ్చిన మాట ఒక్కటే: తలచుకొంటే వస్తానని. ఏళ్ళు గడిచాయి. రాణి అయినప్పుడు గాని, శంతనుడు మరణించినప్పుడు గాని, పెద్దకొడుకు చిత్రాంగదుడు యుద్ధంలో కూలినప్పుడు గాని ఆమె తలచుకోలేదు. చివరి కొడుకు విచిత్రవీర్యుడు సంతానం లేకుండా పోయి, భీష్ముడు ప్రతిజ్ఞ విడవనని చెప్పి, వంశానికి అన్ని దారులూ మూసుకొన్నప్పుడు తలచింది. ఆనాడు, ఆ ఒక్క మాటతో, ద్వైపాయనుడు హస్తినాపురంలో తల్లి ఎదుట నిలిచాడు.